వలకు వాకిలి

తెలుగు బోధించే అధ్యాపకుని పేరు విషయసూచికలో కనబడగానే పాఠకులు ఏ ప్రబంధ నాయిక విరహాన్నో, ఏ శతకకవి ఆగ్రహాన్నో ఊహించుకొని పుట తిప్పుతారు. ఈ సంచికలో అటువంటి వారికి కొంత ఆశాభంగం తప్పదు. మేము వ్రాయబూనినది మన గ్రంథాలయపు వెనుక గదిలో, ఉర్దూ దీవానుల అలమరా నెత్తిన కూర్చున్న, అరచేతిలో ఇమిడే ఒక పలకను గురించి. దానిని బోర్డర్ రౌటర్ అంటారు. గడచిన రెండేళ్లలో ఆ పనిని మూడు వేర్వేరు యంత్రాల చేత చేయించి చూచాము. ‘మేము’ అనడంలో ఈ వ్యాసకర్త ఒక్కడే లేడని, కంప్యూటర్ శాఖ మిత్రుడొకరు, బి.ఎస్సీ. చదివే విద్యార్థినీ విద్యార్థులు నలుగురైదుగురు ఉన్నారని ముందుగానే మనవి చేస్తున్నాము. పలకలకు తీగలు అతికించిన చేతులు వారివి. ప్రశ్నలూ ఈ వాక్యాలూ మావి.

పేరు విషయం తేల్చుకొననిదే తెలుగు అధ్యాపకునికి నిద్ర పట్టదు. బోర్డర్ అన్న మాటకు సరిహద్దు అనవచ్చు. అది పారసీకం మీదుగా వచ్చి తెలుగు పొలాల గట్ల మీద స్థిరపడిన మాట. పొలిమేర అనవచ్చు, అది ఇక్కడి మట్టిలోనే మొలిచినది. మెష్ అంటే వల. సంస్కృతంలో అది జాలం, ఉర్దూలో జాల్. రెండూ ఒక తల్లి బిడ్డలే. ఇంతటి సంపద చేతిలో ఉన్నా విద్యార్థులు బోర్డర్ రౌటర్ అనే అంటారు గనుక మేమూ ఆ మాటనే వాడుతున్నాము.

ఇక అవసరమేమి వచ్చిందన్నది ప్రశ్న. ఆ వెనుక గదిలో లక్నో నగరపు నవల్ కిశోర్ ముద్రణాలయం వారి శిలాముద్రిత గ్రంథాలు కొన్ని, వావిళ్ళ వారి కావ్యాలు కొన్ని, ఈ కళాశాల పుట్టిన నాటినుండి వెలువడిన వార్షిక సంచికలు ఉన్నాయి. గాలిలో తేమ 65, 70 శాతాన్ని దాటి చాలా దినాలు నిలిస్తే కాగితం మీద బూజు పుట్టే ప్రమాదం పెరుగుతుంది. ఒక వానాకాలం ముగిసిన పిదప మేము తెరచిన ఒక దీవానులో పుటలు ఒకదానికొకటి అంటుకొని పోయినవి. మెల్లగా విడదీయబోతే ఒక పుట అక్షరాలు ఎదుటి పుటకు వలస పోయినవి. దానికి రెండవ ప్రతి మన వద్ద లేదు. మా ఉర్దూ శాఖ పెద్దలు ఆ గ్రంథాన్ని చేతిలోకి తీసుకొని, ఏమీ అనక, మళ్లీ బల్ల మీద పెట్టి వెళ్లిపోయారు. ఆనాటి సాయంత్రమే ఈ పని మొదలయింది.

తలుపు ఎప్పుడు తెరవాలి, పంఖా ఎప్పుడు వేయాలి, ఏ అలమరాను గోడకు దూరంగా జరపాలి అన్నవి తెలియాలంటే తేమ ఏ మూల ఎంత ఉన్నదో రాత్రింబవళ్లు తెలియాలి. కొలిచే పరికరాలు చవకగానే దొరుకుతాయి. కొలిచినది బయటకు రావడమే కష్టం. పాత భవనపు గోడలు రెండడుగుల మందం; పైన కడప బండలు. ఆఫీసు గదిలోని వైఫై మూడవ గోడ వద్దకు వచ్చేసరికి ఊపిరి విడుస్తుంది. గోడలకు రంధ్రాలు చేసి తీగలు లాగుదామంటే పెద్దలు వద్దన్నారు. వారి మాట న్యాయమే. పైగా వైఫైతో మాట్లాడే పరికరం బ్యాటరీని ఆబగా త్రాగుతుంది. నెల నెలా ఏడు పరికరాలకు బ్యాటరీలు మార్చే ఓపిక ఏ అటెండరుకూ ఉండదు.

ఇటువంటి చోటికి తగినది థ్రెడ్ అనే మెష్ పద్ధతి. 2014లో కొన్ని సంస్థలు కలిసి ప్రకటించిన పద్ధతి ఇది. 2016లో నెస్ట్ సంస్థ దాని అమలు రూపాన్ని ఓపెన్‌థ్రెడ్ అనే పేరుతో అందరికీ తెరచి పెట్టింది. దీని రేడియో 2003 నాటి 802.15.4 అనే ప్రమాణానికి చెందినది. వేగం సెకనుకు 250 కిలోబిట్లు మాత్రమే. ఒక విడతలో 127 బైట్లకు మించి పంపలేదు. అంతర్జాలపు ఆరవ కూర్పు, అనగా ఐపీవీ6, కనీసం 1280 బైట్ల పొట్లాన్ని మోయగల దారి కావాలంటుంది. చిరునామా తలకట్టుకే 40 బైట్లు పడుతుంది. ఏనుగును ఎలుక బోనులో ప్రవేశపెట్టవలసిన పని. 2007లో ప్రమాణమైన సిక్స్‌లోపాన్ అనే పద్ధతి ఆ తలకట్టును కుదించి, పొట్లాన్ని ముక్కలు చేసి, అవతల మళ్లీ జోడిస్తుంది. అందువల్ల అలమరాలోని చిన్న తేమమాపకానికి కూడా లోకంలోని ఏ కంప్యూటరుకైనా ఉన్నటువంటి పూర్తి చిరునామా ఉంటుంది.

వలలో కొన్ని పరికరాలు కరెంటు మీద ఎల్లవేళలా మేల్కొని ఇతరుల మాటలను చేతికి చేయి అందిస్తాయి. ఇవి రౌటర్లు, ఒక వలలో 32 వరకు ఉండవచ్చు. బ్యాటరీ మీద నడిచేవి ఎక్కువ కాలం నిద్రిస్తాయి. అవి నిద్రలో ఉండగా వచ్చిన సందేశాన్ని తల్లి వంటి ఒక రౌటరు దాచిపెట్టి, మేల్కొని అడిగినప్పుడు ఇస్తుంది. సాంకేతికులు కూడా వాటిని పేరెంట్, చైల్డ్ అనే పిలుస్తారు. రౌటర్లలో ఒకటి నాయకత్వం వహిస్తుంది. అది పోతే కొద్ది నిమిషాలలో మరొకటి ఆ బాధ్యతను తలకెత్తుకొంటుంది. కోర్టు వ్యాజ్యం అవసరం ఉండదు.

ఈ వలకూ కళాశాల వైఫైకీ నడుమ నిలిచేదే బోర్డర్ రౌటర్. మొదట మేము దీనిని దుబాసీతో పోల్చి విద్యార్థులకు చెప్పబోయాము. ద్విభాషి అన్న మాటే నోళ్లలో నలిగి దుబాసీ అయినది. 1830లో కాశీయాత్రకు బయలుదేరిన ఏనుగుల వీరాస్వామయ్య చెన్నపట్టణపు సుప్రీంకోర్టులో దుబాసీయే గదా. మాకు ఆ వృత్తి మీద ప్రత్యేకమైన మమకారమూ ఉన్నది, కొంత విసుగూ ఉన్నది. ఇంట ఉర్దూ, బడిలో తెలుగు కలిగిన మేము పదేళ్ల వయసునుండి తాలూకా ఆఫీసులో అమ్మ తరఫునా, ఆసుపత్రిలో నానమ్మ తరఫునా మాట్లాడుతూనే ఉన్నాము. ఈనాటికీ తల్లిదండ్రుల సమావేశంలో మమ్మల్ని నడిమి కుర్చీలో కూర్చోబెడతారు. దుబాసీకి తెలియని రహస్యం ఉండదు. అతడు తుమ్మితే ఇరువైపులా సంభాషణ ఆగిపోతుంది. నానమ్మ వైద్యునితో చెప్పదలచి, మనుమని ముఖం చూచి మింగివేసిన మాటలెన్నో మాకు తెలియదు.

అయితే ద్వితీయ సంవత్సరపు విద్యార్థిని ఒకామె, “సార్, ఇది దుబాసీ కాదు. పాత జిగ్బీ గేట్‌వేలు దుబాసీలు. ఇది కవరు విప్పదు” అన్నది. ఆమె మాట అక్షరాలా నిజం. జిగ్బీ గేట్‌వే అటు భాషను విని, అర్థం చేసుకొని, ఇటు భాషలో తిరిగి చెబుతుంది. బోర్డర్ రౌటర్ ఇరువైపులా ఒకే ఐపీవీ6 చిరునామాను చూచి పొట్లాన్ని దాటిస్తుంది. పంపినవారు లోపల తాళం వేసి పంపితే ఆ తాళం గమ్యం చేరిన తరువాతనే తెరుచుకొంటుంది. నడుమనున్న వానికి విషయం తెలియదు, తెలియవలసిన అవసరమూ లేదు. మనుమడు వినకుండానే నానమ్మ మాట వైద్యునికి చేరే ఏర్పాటు ఇది. ఇక అది దుబాసీ గాక వాకిలి అని పిలవడమే సబబని మాకు తోచింది.

మొదటి వాకిలిని ప్రయోగశాలలో మూలపడిన ఒక పాత డెస్క్‌టాప్ యంత్రం మీద నిలిపాము. దానికి రేడియో లేదు గనుక నార్వే దేశపు నార్డిక్ సంస్థ చేసిన ఎన్ఆర్ఎఫ్52840 అనే వేలెడంత యూఎస్‌బీ డాంగిల్‌ను గుచ్చాము. ఇక్కడ పనివిభజన చూడదగినది. డాంగిల్ కేవలం వింటుంది, పలుకుతుంది. ఆలోచన అంతా పెద్ద యంత్రంలోని లినక్స్ మీద నడిచే ప్రోగ్రాముది. ఇద్దరూ స్పినెల్ అనే సంకేతభాషలో మాట్లాడుకొంటారు. ఒకరిని నవీకరించి మరొకరిని పాత కూర్పులోనే వదిలివేస్తే మాట పొసగక మౌనం వహించే సందర్భాలుంటాయి. రెండు చేతులనూ ఒకేసారి కడగాలి.

డాకర్ అనే పెట్టెలో ఆ ప్రోగ్రామును ఉంచి నడిపించాము. ఆ పెట్టె బయట, అసలు యంత్రంలో, కొన్ని అమరికలు చేతితో చేయవలసి ఉంటుంది. లినక్స్ స్వభావం ఒకటి ఇక్కడ మాకు వినోదం కలిగించింది. ఒక యంత్రాన్ని ఇతరులకు దారి చూపే రౌటరుగా నియమించిన మరుక్షణం అది తనకు ఇతరులు చెప్పే దారులను వినడం మానివేస్తుంది. పదవి వచ్చిన వెంటనే చెవులు మూసుకొనే స్వభావం మనుష్యులలో చూచినదే. ‘యాక్సెప్ట్ ఆర్ఏ’ అన్న అమరికను 1 నుండి 2కు మారిస్తే దారి చూపుతూనే వింటుంది. మరొకటి. వలలోని పరికరాలకు దారి నా గుండా ఉన్నదని బోర్డర్ రౌటర్ వైఫై మీద చాటింపు వేస్తుంది. ఆ చాటింపును ఎంత పొడవు ఉపసర్గ వరకు పట్టించుకోవాలన్న అమరిక లినక్స్ కెర్నెల్‌లో సహజంగా 0. అంటే అసలు పట్టించుకోదు. దానిని 64 చేసేవరకు మన ల్యాప్‌టాప్ ఒకటి పక్క గదిలోని తేమమాపకం ఎక్కడో ఖండాంతరంలో ఉన్నట్లు ప్రవర్తించింది. ఉపసర్గ అన్న మాట మేము వ్యాకరణం నుండి అరువిచ్చినదే. సాంకేతికులు వడ్డీ అడగవద్దని మనవి.

ఆ డెస్క్‌టాప్‌తో మరొక చిక్కు వచ్చింది. కొన్ని రాత్రులలో లెక్కలు వచ్చేవి కావు. పైన చెప్పిన విద్యార్థినియే వారం దినాలు పట్టికలు గీసి, పక్క సాకెట్‌లోని బాహ్య డిస్క్ పని చేస్తున్న వేళలలోనే మాపకాల గొంతు మూగబోతున్నదని కనిపెట్టింది. యూఎస్‌బీ 3 సంధానం 2.4 గిగాహెర్ట్జ్ ప్రాంతంలో రొద పుట్టిస్తుందని ఇంటెల్ సంస్థ 2012లోనే పత్రం ప్రకటించి ఉన్నది. డాంగిల్‌ను మీటరు పొడవు తీగతో దూరంగా వ్రేలాడదీయగానే రొద తగ్గింది. రేడియో చానల్‌ను కూడా ఆమెయే ఎంచింది. 802.15.4 కు 11 నుండి 26 వరకు పదహారు చానళ్లు. వైఫై 1, 6, 11 చానళ్లు వాటిలో అధికభాగాన్ని కప్పివేస్తాయి. 15, 20, 25, 26 కొంత సందులో మిగులుతాయి. 25, అనగా 2475 మెగాహెర్ట్జ్, మన భవనంలో ప్రశాంతంగా ఉన్నది.

అయినా ఒక వాకిలి కోసం పెద్ద డెస్క్‌టాప్‌ను రాత్రింబవళ్లు వెలిగించి ఉంచడం దుబారా. రెండవ దశలో రాస్ప్‌బెరీ పై 4 పలకను తెచ్చి అదే డాంగిల్‌ను దానికి తగిలించాము. ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలో రూపుదిద్దుకొన్న ఈ పలక 2019లో వెలువడినది; పేకముక్కంత ఉన్నా పూర్తి లినక్స్ నడుస్తుంది. ఓపెన్‌థ్రెడ్ వారు మూలంతో పాటు ఇచ్చే స్క్రిప్టులు ప్రోగ్రామును నిర్మించి అమరికలను చాలావరకు తామే చేసుకొంటాయి. నిర్మాణానికి పట్టే సమయంలో మేము ఒక క్లాసు చెప్పి వచ్చాము. దీనిలో సౌఖ్యం ఎక్కువ. లెక్కలు భద్రపరచవచ్చు, గ్రాఫులు గీయించవచ్చు, పొరపొచ్చాలు వస్తే చిట్టా తెరచి చదువుకోవచ్చు. అసౌఖ్యమల్లా మన కరెంటు. వ్రాస్తున్న మధ్యలో విద్యుత్తు పోతే మెమరీ కార్డులోని దస్త్రాలు చెడే ప్రమాదం ఉన్నది. మాకు ఒక వేసవిలో రెండు కార్డులు ఆ విధంగా పోయినవి.

మూడవది షాంఘై నగరపు ఎస్ప్రెసిఫ్ సంస్థ పలక. దాని మీద రెండు చిప్పులు: వైఫై కోసం ఈఎస్‌పీ32-ఎస్3, థ్రెడ్ రేడియో కోసం ఈఎస్‌పీ32-హెచ్2. లినక్స్ లేదు, మెమరీ కార్డు లేదు. రాస్ప్‌బెరీ పై జ్ఞాపకశక్తిని గిగాబైట్లలో లెక్కిస్తే ఎస్3 లోపలి జ్ఞాపకశక్తి 512 కిలోబైట్లు. ఇంత ఇరుకింటిలో అదే ఓపెన్‌థ్రెడ్ ఎట్లా కాపురం చేస్తున్నదని మా కంప్యూటర్ శాఖ మిత్రుడు ఈనాటికీ ఆశ్చర్యపడుతూనే ఉంటారు. కరెంటు పోయి వచ్చిన కొద్ది క్షణాలలో లేచి నిలబడుతుంది. హెచ్2లో ఉండవలసిన ప్రోగ్రామును కూడా ఎస్3 తన వద్దనే ఉంచుకొని అవసరమైతే తానే నవీకరిస్తుంది గనుక పైన చెప్పిన స్పినెల్ కలహానికి తావు తక్కువ. చిన్న పవర్‌బ్యాంకు మీద నడుస్తుంది. లోటు లేకపోలేదు. సంవత్సరపు లెక్కలు దాచుకొనే చోటు దానిలో లేదు. ఏదైనా వికటిస్తే ల్యాప్‌టాప్ తగిలించి అది గొణిగే అక్షరాలను చదవాలి. అందుచేత వాకిలి పని దీనికి అప్పగించి, దినచర్య వ్రాసే పనిని ఆఫీసు గదిలో యూపీఎస్ పక్కన కూర్చున్న రాస్ప్‌బెరీ పైకి ఇచ్చాము. మూడింటిలో ఏది ఉత్తమమని అడిగేవారికి మా అభిప్రాయం ఇంతే: నేర్చుకొనడానికి లినక్స్, నిలబడడానికి ఈఎస్‌పీ.

ఒక యంత్రం నుండి మరొక యంత్రానికి వాకిలిని మార్చినప్పుడు ఏడు మాపకాలలో ఒక్కదానినీ మేము ముట్టుకోలేదు. వల యొక్క గుర్తింపు యంత్రంలో లేదు. డేటాసెట్ అనే అక్షరాల దండలో ఉన్నది. చానల్, వల పేరు, గుర్తింపు సంఖ్యలు, అన్నిటికంటె ముఖ్యంగా 128 బిట్ల తాళంచెవి అందులో ఉంటాయి. ఆ దండను క్రొత్త యంత్రానికి అందిస్తే అదీ ఆ వలలో సభ్యురాలే. పాత వాకిలి, క్రొత్త వాకిలి కొంతకాలం ఏకకాలంలో తెరచి ఉంచవచ్చు. వారం దినాలు అట్లాగే ఉంచి, ఒక మధ్యాహ్నం పాతదాని తీగను లాగివేశాము. మాపకాల బయటి చిరునామాలు మారినవి గాని, ప్రతి మాపకమూ తన పేరును కొత్త వాకిలి వద్ద తిరిగి నమోదు చేసుకొన్నది. మేము వాటిని పేరుతోనే వెతుకుతాము గనుక దినచర్యలో కొద్ది నిమిషాల ఖాళీ తప్ప తేడా లేదు.

మరొక పరీక్ష మా ప్రమేయం లేకుండానే జరిగింది. వరండాలోని సాకెట్‌కు తగిలించిన ఒక రౌటరును గ్రంథాలయపు చాచా తీసి పక్కన పెట్టి తన ఫోను ఛార్జింగ్ పెట్టుకొన్నారు. అడిగితే, “క్యా సాబ్, బత్తీ భీ నై జల్తీ ఇస్మే” అన్నారు. దీపమైనా వెలగని వస్తువు సాకెట్ ఎందుకు ఆక్రమించాలన్నది వారి వాదం. అంతలో ఆ రౌటరు పిల్లలు రెండూ చదువుగది తలుపు పక్కనున్న మరొక రౌటరును తల్లిగా చేసుకొని లెక్కలు పంపుతూనే ఉన్నాయి. చాచాకు వేరొక సాకెట్ పెట్టించాము. ఇప్పుడు వారే ఉదయం మాపకాల లెక్క చూచి, 65 దాటితే పంఖా వేసి, రిజిష్టరులో వ్రాస్తున్నారు.

కమిటీ పెద్దలలో ఒకరు మమ్మల్ని, “లెక్చరర్ సాబ్, బజారులో సిద్ధంగా దొరికేదానికి ఇంత శ్రమ ఎందుకు?” అని అడిగారు. ప్రశ్న సమంజసమైనదే. యాపిల్ హోమ్‌పాడ్ మినీ, గూగుల్ నెస్ట్ హబ్ రెండవ తరం వంటి వాటిలో ఈ వాకిలి ఇమిడే ఉన్నది. గోడకు తగిలిస్తే పని చేస్తుంది. ఒక గృహస్థుకు మేము వాటినే సిఫారసు చేస్తాము. అయితే అక్కడ తాళంచెవి ఎవరో ఒకరి ఫోను ఖాతాతో ముడిపడి ఉంటుంది. వేర్వేరు సంస్థల వాకిళ్లు చాలాకాలం ఎవరి వల వారు వేసుకొన్నాయి. తాళంచెవులను పంచుకొనే ఉమ్మడి పద్ధతి 2024 సెప్టెంబరులో వచ్చిన థ్రెడ్ 1.4 లోనే ప్రమాణమైనది. కళాశాలకు సొంత ఫోను లేదు. ప్రిన్సిపాలుగారి ఖాతాలో పెడితే వారి బదిలీతో, విద్యార్థి ఖాతాలో పెడితే అతని పట్టాతో వల కూడా వెళ్లిపోతుంది.

ఇది ఊహ కాదు. మొదటి డాంగిల్‌ను గుచ్చిన విద్యార్థి గత వేసవిలో పట్టా పుచ్చుకొని హైదరాబాదులో ఉద్యోగానికి వెళ్లాడు. వెళ్లేముందు మా గదికి వచ్చి, అక్షరాల దండను నల్లసిరాతో రెండు కాగితాల మీద వ్రాసి, రెండవసారి మేము చదువుతుండగా వేలుపెట్టి సరిచూచుకొని, తన ల్యాప్‌టాప్‌లోని ప్రతిని మా ఎదుటనే తుడిచివేశాడు. ఒక కాగితం సీలు వేసిన కవరులో ప్రిన్సిపాలుగారి ఇనుపబీరువాలో ఉన్నది. రెండవది గ్రంథాలయాధ్యక్షుల వద్ద. నేడు ఆ వలలో తేమ లెక్కలే తిరుగుతున్నాయి గనుక ఇంత జాగ్రత్త ఎందుకని కొందరన్నారు. రేపు రసాయనశాల తలుపు తాళం కూడా అదే వలలోకి వస్తుందని విద్యార్థులు ఉవ్విళ్లూరుతున్నారు. అప్పుడు ఆ దండ చేతనున్న వాడు వల లోపలి మనిషే.

ఈ వానాకాలంలో వెనుక గది తేమ కొన్ని రాత్రులు 70 దాటినా పంఖాతో మరునాటికే దిగివచ్చింది. ఈశాన్య మూల అలమరా మాత్రం లొంగడం లేదు. ఆ గోడ వెనుక నీళ్ల తొట్టి ఉన్నది. తొట్టిని జరపడానికీ, తూర్పు విభాగానికి మరొక రెండు పలకలకూ వ్రాసిన అర్జీ కమిటీ వారి ముందున్నది. అంటుకొని పోయిన దీవానును విడదీయగలవారి కోసం ఉర్దూ శాఖ పెద్దలు హైదరాబాదుకు జాబు వ్రాశారు. అంతవరకు దానిని మెత్తని గుడ్డలో చుట్టి, రెండవ నంబరు మాపకం పక్కనే ఉంచాము.